వార్త ఆంధ్రాది, పడక బెంగళూరుది: ఒక తెలుగు ఇంటి ఫోన్ చెప్పిన కేసు

రోగి 46 ఏళ్ల మగమనిషి. ఎనిమిదేళ్లుగా షుగర్, మాత్రలతో నెట్టుకొస్తున్నారు. సొంతూరు మదనపల్లె పక్క పల్లె. పదిహేనేళ్లుగా బెంగళూరులో క్యాబ్ నడుపుతూ, మారతహళ్లి అవతల మున్నేకొళాలలో అద్దెకుంటున్నారు. ఇంట్లో భార్య, డిగ్రీ చదివే 19 ఏళ్ల కొడుకు. కరోనా రెండో వేవ్ నడుస్తున్న 2021 ఏప్రిల్ 26 సోమవారం సాయంత్రం జ్వరం మొదలైంది. మే 5 తెల్లవారుజామున ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ప్రభుత్వ కోటా కింద ఆక్సిజన్ పడక దొరికింది. చేరేటప్పటికి ఆక్సిజన్ 88, షుగర్ 386. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉండి ఇల్లు చేరారు.

చికిత్స సంగతి డాక్టర్లు రాసుకుంటారు. మేం చూసింది ఆ తొమ్మిది రోజుల్లో ఈ ఇంటికి ఏ సమాచారం అందింది, దానితో వాళ్లేం చేశారు అన్నది. తూర్పు బెంగళూరు తెలుగువాళ్లకు ఫోన్ మీద ఆరోగ్య సమాచారం చెప్పే డెస్క్ మాది. ఈ కేసును ప్రత్యేకంగా రాయడానికి కారణం ఒకటే. ఇంటిల్లిపాదీ రోజంతా వార్తలు చూశారు, గంటగంటకూ ఫోన్‌లో వెతికారు. వాళ్లకు చేరినదాంట్లో పచ్చి అబద్ధం చాలా తక్కువ. అయినా మనిషి ప్రాణం మీదికొచ్చింది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాం. ఎవరో గుర్తుపట్టే వివరాలు మార్చాం.

ఫోన్‌ని ఎలా చదివాం

ఇలాంటి కేసు రాయాలనుకునేవాళ్లకు పనికొస్తుందని పద్ధతి కాస్త వివరంగా చెబుతున్నాం. గూగుల్ ఖాతాలో 'మై యాక్టివిటీ' తెరిస్తే ఏ నిమిషానికి ఏం వెతికారో, యూట్యూబ్‌లో ఏం చూశారో వరసగా వస్తుంది. 2020 జూన్ తర్వాత తెరిచిన ఖాతాల్లో వెతుకులాటల చరిత్ర 18 నెలలకు దానంతటదే చెరిగిపోయేలా ముందే అమరి ఉంటుంది. కాబట్టి తర్వాత చూద్దాంలే అనుకోకుండా రోగి కోలుకున్న వెంటనే దించుకోవాలి. వాట్సాప్ చాట్‌ను ఫొటోలు, వీడియోలు లేకుండా ఎగుమతి చేసుకోవచ్చు. అయితే అలా తీసిన పాఠంలో ఫార్వర్డ్ బాణాల గుర్తు కనబడదు. ఒక సందేశం ఐదు చేతులు దాటి వచ్చిందా, మేనమామ సొంతంగా రాసి పంపారా అన్న తేడా మనకు ముఖ్యం. అందుకని ఆ తెరలను విడిగా స్క్రీన్‌షాట్ తీయాలి. కాల్ లాగ్‌లో సెకన్లు చూడాలి. సున్నా సెకన్ల కాల్స్ వరసగా ఇరవై ఉన్నాయంటే ఆ ఇంట్లో ఆ గంట ఎలా గడిచిందో ఇంక ఎవర్నీ అడగక్కర్లేదు.

దొరకనిది టీవీ. ఇంట్లో టీవీ ఏం చూపించిందో ఎక్కడా నమోదు కాదు. అదే బులెటిన్‌ను చానెళ్లు యూట్యూబ్‌లో పెట్టిన సమయాన్ని పట్టుకుని, 'ఈ వార్త వచ్చినప్పుడు ఆయన లేచి కూర్చున్నారా, పడుకునే ఉన్నారా' అని ఇంట్లోవాళ్లను అడుగుతూ దగ్గర సమయానికి రావాలి.

వీటన్నిటినీ ఐదు గడుల పట్టికలోకి ఎక్కించాం: సమయం, చూసింది, వెతికింది, చేసింది, అప్పుడు ఒంట్లో పరిస్థితి. ఐదో గడి లేకుండా నాలుగు గడులే నింపే అధ్యయనాలు చాలా ఉన్నాయి. జనం దేని గురించి కుతూహలపడ్డారో అవి చెబుతాయి, ఆ కుతూహలం మనిషికి అక్కరకొచ్చిందో లేదో చెప్పలేవు. పట్టిక నింపేటప్పుడు కుటుంబసభ్యులు పక్కనే కూర్చోవాలి. జబ్బుకు సంబంధం లేని వరస ఏదైనా మన కంటబడితే దాన్ని రాసుకోకూడదు.

ఏప్రిల్ 26 నుంచి మే 5 వరకు

మొదటి రెండు రోజులు వెతికింది ఒకటే ప్రశ్న, రకరకాలుగా: జ్వరం, ఒళ్లునొప్పులు, ఇది కరోనానా కాదా. కొడుకు తెలుగు మాటలనే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాడు. అలా కొడితే మొదట వచ్చేవన్నీ వీడియోలు. ఏప్రిల్ 27 రాత్రి 9 నుంచి కర్ణాటకలో పద్నాలుగు రోజుల కట్టడి మొదలైంది. బేరాలు ఎలాగూ ఉండవు కదా అని ఆయన పడుకున్నారు.

28న శాంపిల్ ఇచ్చారు. కాసేపటికి ఫోన్‌కి ఎస్‌ఆర్‌ఎఫ్ ఐడీ, అంటే శాంపిల్ ఫారానికి పడే అంకెతో ఎస్ఎంఎస్ వచ్చింది. ఎవరూ తెరవలేదు. అదే రోజు సాయంత్రం 4 గంటలకు 18 ఏళ్లు నిండినవాళ్లకు కోవిన్‌లో టీకా నమోదు మొదలైంది. చానెళ్లన్నీ దాని గురించే చెబుతున్నాయి. కొడుకు ఆ సాయంత్రమంతా ఓటీపీలతో కుస్తీ పట్టాడు. ఆ ఓటీపీల కిందే ఎస్‌ఆర్‌ఎఫ్ సందేశం పూడిపోయింది.

29న బంధువుల గ్రూపులో ఒక మందుల చీటీ ఫొటో వచ్చింది. తిరుపతిలో ఎవరికో ఏదో ఆస్పత్రి రాసిచ్చినది. అందులో అజిత్రోమైసిన్, ఐవర్‌మెక్టిన్, జింక్‌తో పాటు మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 16 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రోజుకు రెండు. వీధి చివర మందుల షాపులో ఆ ఫొటో చూపిస్తే అన్నీ ఇచ్చేశారు. ఆ పూట ఆయన ఆక్సిజన్ 97. షుగర్ ఎవరూ చూడలేదు.

మే 1న పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. ఊపిరితిత్తులకు సీటీ స్కాన్ తీయించారు, స్కోరు 25కి 9. ఆ రాత్రి ఫోన్‌లో 9 ప్రమాదమా, 9 వస్తే బతుకుతారా, 9కి రెమ్‌డెసివిర్ వేయాలా అని వెతుకులాటలు. స్కోరు గురించి పదకొండుసార్లు వెతికిన ఇల్లు నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లు తీస్తున్నారో ఒక్కసారీ లెక్కపెట్టలేదు.

మే 2న ఆక్సిమీటర్ 94, 91, 95 అని మారుతూ చూపించింది. మే 3న చామరాజనగర్ జిల్లా ఆస్పత్రిలో ఒక్క రోజులో 24 మంది చనిపోయిన వార్త వచ్చింది. అక్కణ్నుంచి ఫోన్ నిండా ఆక్సిజనే. గ్రూపుల్లో వచ్చిన జాబితాల్లోని నంబర్లకు వరసగా కాల్స్, ఎక్కువ భాగం సున్నా సెకన్లు. ఒకడు మాత్రం మర్యాదగా మాట్లాడి, ముప్పావు గంటలో సిలిండర్ ఇంటి ముందు ఉంటుందని చెప్పి, 12,000 రూపాయలు యూపీఐలో వేయించుకుని ఫోన్ ఆపేశాడు.

ఆ రాత్రే టీవీ కింద పోయే వరసలో 'పడకల కోసం 104' చూసి కొడుకు చేశాడు. ఇక్కడే అసలు సంగతి ఉంది, తర్వాత విడిగా చెబుతాం. మే 4 మధ్యాహ్నం కుటుంబం కారులోనే మదనపల్లె తీసుకుపోదామని బయలుదేరబోయింది. మరుసటి రోజు నుంచి ఆంధ్రాలో మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ అని వార్త రావడంతో ఆగారు. సాయంత్రం మా డెస్క్‌కి ఫోన్.

"అన్నా, నాయినకి ఊపిరి ఎగబోస్తా ఉండాది. ఏడకి తీసుకుపోవాల్నో తెలీడం లేదు."

"తమ్ముడూ, ముందు నువ్వు కూర్చో. ఆయన ఛాతీ వైపు చూస్తా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టు. లెక్కపెడతా ఉన్నట్టు ఆయనకి చెప్పొద్దు."

నిమిషానికి 28. ఆక్సిజన్ 90. తర్వాత అడిగింది ఎస్‌ఆర్‌ఎఫ్ ఐడీ. 28వ తేదీ సందేశాల్లో వెతికితే దొరికింది. దానితో పోర్టల్‌లో చూస్తే పాజిటివ్ అని ఫలితం నమోదై ఉంది. ఇంటికి మాత్రం కబురు రాలేదు. పాజిటివ్ రోగికి ఇచ్చే బీయూ నంబర్ తీసుకుని, పడకల నంబర్ 1912లో నమోదు చేయించి, మహదేవపుర జోన్ వార్‌రూమ్‌కి అదే వివరం మళ్లీ చెప్పించాం. తెల్లవారుజామున పడక వచ్చింది. ఆ రోజు, అంటే మే 5న, కర్ణాటకలో 50,112 కొత్త కేసులు, అందులో బెంగళూరు అర్బన్‌లో 23,106. అలాంటి రోజున కూడా దారి తెలిసిన ఇంటికి పడక దొరికే అవకాశం ఉందన్నది గమనించాలి. దొరికి తీరుతుందని కాదు. ఆ వారం అన్నీ సరిగ్గా చేసి కూడా దొరకని ఇళ్లున్నాయి.

సమాచారం సరైనదే, చోటు వేరు

104 కాల్ దగ్గరికి వద్దాం. ఆ తెలుగు చానెల్ అబద్ధం చెప్పలేదు. అప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కోవిడ్ పడకల కోసం 104కే చేయాల్సి ఉండేది. బెంగళూరులో అవే అంకెలు నొక్కితే కర్ణాటక ఆరోగ్య సహాయవాణి ఎత్తుతుంది. అక్కడ సలహా చెబుతారు, పడక కేటాయించరు. ఫోన్ ఎత్తినావిడ ఆ మాటే చెప్పి, పడకకు 1912కి చేయమన్నారు. బెంగళూరులో 1912 అంటే కరెంటు పోయినప్పుడు చేసే బెస్కాం నంబర్ అని ప్రతి ఇంటికీ తెలుసు. అదే నంబర్‌ను అప్పుడు కోవిడ్ పడకలకూ వాడుతున్న సంగతి కన్నడ పత్రికల్లో, అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ ప్రకటనల్లో వచ్చింది. ఈ ఇంట్లో ఎవరూ చూడలేదు. తప్పు విన్నానేమోనని కొడుకు ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం ఖరీదు దాదాపు ఒక రోజు.

ఇక్కడ బయటివాళ్లు సులువుగా పొరబడే మాట ఒకటుంది. ఇది కన్నడం రాకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది కాదు. తండ్రి పదిహేనేళ్లుగా కన్నడంలో బేరాలాడుతున్నారు, కొడుకు బెంగళూరు బడిలో చదివాడు. బయటి వ్యవహారమంతా కన్నడంలో నడిచే ఇంట్లో కూడా జబ్బు, చావు, భయం లాంటివి వచ్చినప్పుడు టీవీ తెలుగులోకి మారుతుంది. బంధువుల గ్రూపు తెలుగు, అమ్మకు అర్థమయ్యే వీడియో తెలుగు. ఆ తెలుగంతా హైదరాబాద్, విజయవాడల నుంచి వస్తుంది. అక్కడి నియమాలు, అక్కడి నంబర్లు, అక్కడి ఆస్పత్రులు. బెంగళూరు మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, ఎలక్ట్రానిక్స్ సిటీల్లో ఉన్న తెలుగువాళ్లు ఆ వార్తలకు ప్రేక్షకులేగానీ ఆ ప్రభుత్వాల పరిధిలోని రోగులు కారు. అబద్ధపు వార్తలను ఏరేవాళ్ల జల్లెడలో ఇది పడదు. ఎందుకంటే ఏరడానికి అందులో అబద్ధమేదీ లేదు.

అసలు దారిలో ఉన్న మాటలు మూడు: ఎస్‌ఆర్‌ఎఫ్ ఐడీ, బీయూ నంబర్, 1912. శాంపిల్ తీసుకున్నప్పుడు నింపే ఫారానికి పడే అంకె ఎస్‌ఆర్‌ఎఫ్ ఐడీ. పాజిటివ్ అని తేలాక బెంగళూరు అర్బన్ రోగికి ఇచ్చే అంకె బీయూ నంబర్. ప్రభుత్వ కోటా పడకకు రెండోది అడిగేవారు. ఈ మూడింటిలో ఒక్కటీ ఆ ఇంటి తొమ్మిది రోజుల వెతుకులాటల్లో లేదు. ఉంటుందని ఆశించడం కూడా తప్పే, పేరు తెలియనిదాన్ని ఎవరూ వెతకలేరు. ఆన్‌లైన్‌లో అన్నీ ఉన్నాయి, వెతుక్కుంటే దొరుకుతాయి అనే వాదనతో మేం ఒప్పుకోలేనిది ఇందుకే. అడగాల్సిన మాటను ముందు ఎవరో ఒకరు ఇంటికి చేర్చాలి, అది వార్తల పని.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆధార్‌లో చిత్తూరు జిల్లా చిరునామా ఉంటే బెంగళూరులో చేర్చుకోరని ఈ ఇంట్లో గట్టిగా నమ్మారు. మదనపల్లె ప్రయాణం ఆలోచన వెనక ఉన్నది ఆ భయమే. మే 8న కేంద్ర ఆరోగ్యశాఖ స్పష్టంగా ఆదేశించింది: ఆస్పత్రిలో చేర్చుకోవడానికి పాజిటివ్ రిపోర్టు తప్పనిసరి కాదు, ఆ ఊరి గుర్తింపు కార్డు లేదని ఎవరినీ తిప్పి పంపకూడదు. పొరుగు రాష్ట్రాల్లో బతికే తెలుగువాళ్లకు ఆ నెలలో ఇంతకంటే పనికొచ్చే వార్త మరొకటి లేదు. డెస్క్‌కి ఫోన్ చేసినవాళ్లలో చాలామందికి అది మేం చెబితేనే తెలిసింది.

షరతు రాలిపోయిన మందు

స్టెరాయిడ్ సంగతి వేరే తీరు. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ 2020 జూన్‌లో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఫలితం ప్రకటించింది. రోజుకు 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా పది రోజులు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మేలేమీ కనబడలేదు. ఈ చివరి వాక్యమే ఫలితానికి ప్రాణం. 'చవక మందు, ప్రాణం నిలబెట్టింది' అన్న శీర్షికలో పట్టనిది కూడా అదే. పది నెలల తర్వాత అదే జాతి మందు చీటీ ఫొటో రూపంలో ఈ ఇంటికొచ్చేసరికి షరతు పూర్తిగా రాలిపోయి మందు పేరు, మోతాదు మిగిలాయి.

ఆక్సిజన్ 97 ఉన్న షుగర్ రోగికి మూడో రోజున స్టెరాయిడ్ మొదలుపెడితే ఏమవుతుందో ఆస్పత్రిలో తేలింది. షుగర్ 386, రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్. ఆ నెలలోనే మ్యూకర్‌మైకోసిస్ (బ్లాక్ ఫంగస్) కేసులు పెరిగి, మే 20న కేంద్రం దాన్ని ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన జబ్బుల్లో చేర్చమని రాష్ట్రాలను కోరింది. అదుపు తప్పిన షుగర్, అవసరానికి మించిన స్టెరాయిడ్ కలిసినచోట ఆ ఫంగస్ రేగింది. ఈయనకు రాలేదు. ఇంటికొచ్చాక ఆరు వారాలు ముక్కు ఒక పక్క మూసుకుపోవడం, చెంప తిమ్మిరి, పైపళ్ల నొప్పి, నల్లటి స్రావం, ఒకటి రెండుగా కనబడటం ఉన్నాయేమో రోజూ చూసుకోమని భార్యకు రాసిచ్చాం.

ఏప్రిల్ 28 నాటి కేంద్ర ఇంటి ఐసొలేషన్ మార్గదర్శకాల్లో ఇదంతా ఉంది. తేలికపాటి జబ్బుకు స్టెరాయిడ్ మాత్రలు వద్దని, రెమ్‌డెసివిర్‌ను ఇంట్లో వాడేందుకు కొనే ప్రయత్నమే చేయొద్దని. ఆ రోజు వార్తలను కోవిన్ మింగేసింది.

పాతబడటం ఇంకో ఇబ్బంది, దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు. ఐవర్‌మెక్టిన్ ఏప్రిల్ 22 నాటి ఎయిమ్స్-ఐసీఎంఆర్ పత్రంలో 'పరిశీలించవచ్చు' అని ఉంది. మే 27 తేదీతో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ (డీజీహెచ్‌ఎస్) ఇచ్చిన పత్రంలో లేదు. ప్లాస్మా చికిత్సను మే 17న మార్గదర్శకాల్లోంచి తీసేశారు. కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య వ్యవధి 4-6 వారాల నుంచి మార్చిలో 6-8 వారాలకు, మే 13న 12-16 వారాలకు మారింది. ఫార్వర్డ్‌కి తేదీ ఉండదు. అందుకని మేం పంపే ప్రతి ముక్కలో మొదటి వరస తేదీ, రెండో వరస ఊరు.

పది లీటర్ల సిలిండర్

12,000 పోగొట్టుకున్న ఇల్లు నిజంగానే సిలిండర్ తెచ్చుకుని ఉంటే ఏమయ్యేది? దీన్ని విప్పి చెప్పే వార్త మాకు ఎక్కడా కనబడలేదు. 'పది లీటర్ల సిలిండర్' అన్నప్పుడు ఆ పది సీసాలో పట్టే నీటి కొలత. దాన్ని 150 బార్ ఒత్తిడికి నింపితే లోపల ఉండే ఆక్సిజన్ 10 × 150, అంటే 1,500 లీటర్లు. నిమిషానికి 5 లీటర్ల చొప్పున వాడితే 300 నిమిషాలు, ఐదు గంటలు. నిమిషానికి 10 లీటర్లయితే రెండున్నర గంటలు. పెద్ద డీ టైపు సిలిండర్ దాదాపు 7,000 లీటర్లు, 5 లీటర్ల మీద 23 గంటలు. ఈయనకు ఆస్పత్రిలో మొదటి రోజు పెట్టింది నిమిషానికి 8 లీటర్లు. చిన్న సిలిండర్ మూడు గంటలకు అయిపోతుంది. తర్వాత నింపించుకోవడానికి మళ్లీ వరసలో నిలబడాలి. ఫ్లోమీటర్, రెగ్యులేటర్, మాస్కు విడిగా కొనాలి, అవి లేని సిలిండర్ ఇనుప గొట్టమే.

ఈ లెక్క చెప్పాక ఇంట్లోవాళ్ల వెతుకులాట మారుతుంది. 'సిలిండర్ ఎక్కడ' అన్నది 'పడక ఎలా' అవుతుంది. పడక వచ్చేదాకా రెండు మూడు గంటలు గడపడానికి సిలిండర్, బోర్లా పడుకోబెట్టడం పనికొస్తాయి, అంతవరకే. నెబ్యులైజర్ ఆక్సిజన్‌కు బదులు అన్న వీడియో, కర్పూరం-వాము మూట వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందన్న సందేశం ఈ ఇంటికీ వచ్చాయి. వాళ్లు నమ్మలేదు. నమ్మి ఉంటే పోయేది డబ్బు కాదు, ఆ రెండు గంటలు.

తర్వాత కట్టిన కార్డు

ఈ కేసు తర్వాత మా పద్ధతి మార్చాం. మొదట చేసింది ఒకే ఒక్క ఫోన్ తెర పట్టేంత కార్డు, తెలుగులో, బెంగళూరుకు మాత్రమే. పైన తేదీ, 'ఇది బెంగళూరులో ఉన్నవాళ్లకే' అన్న వరస. తర్వాత నంబర్లు కావు, కొలతలు. కొలత తెలియకుండా నంబర్ ఇస్తే అవసరం లేనివాళ్లు వరసలో ముందుంటారు.

కొలత ఇలా: ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. చేతివేళ్లు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచాలి. గోళ్ల రంగు, గోరింటాకు లేని వేలికి ఆక్సిమీటర్ పెట్టి, చెయ్యి గుండె ఎత్తున కదలకుండా ఉంచి, నిమిషం పాటు చూడాలి. ఐదు సెకన్లు మారకుండా నిలిచిన అంకెల్లో పెద్దది రాసుకోవాలి. రోజుకు మూడుసార్లు, పక్కన సమయం. మే 2న ఈ ఇంట్లో 94, 91, 95 వచ్చింది ఫ్యాన్ కింద చల్లబడ్డ వేళ్లతో, మాట్లాడుతూ, పెట్టిన పది సెకన్లకే చదివినందువల్ల. కూర్చున్నప్పుడు 94 లేక అంతకంటే ఎక్కువ ఉంటేనే ఆరు నిమిషాల నడక. నడిచాక 93 కంటే తగ్గినా, 3 కంటే ఎక్కువ పడిపోయినా డాక్టర్ దగ్గరికి. కూర్చున్నప్పుడే 93 లేక తక్కువుంటే నడిపించొద్దు. ఊపిరి నిమిషానికి 24 దాటితే అంకె ఎంతున్నా ఆగొద్దు.

ఆ కింద అప్పటి దారి: ఎస్‌ఆర్‌ఎఫ్ సందేశం తెరిచి స్క్రీన్‌షాట్ తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి, 1912, కరెంటు నంబరే, పడకలకూ అదే, ప్రాణాపాయమైతే 108. ఆధార్ ఏ ఊరిదైనా ఫర్వాలేదు.

ఖాళీ పడకలు, సిలిండర్ల కబుర్లకు వేరే నియమం. ప్రతి కబురు పక్కనా ఎవరు ఫోన్ చేసి కనుక్కున్నారు, ఎన్ని గంటలకు, అవతలివాళ్లు చెప్పిన మాట యథాతథంగా, ఎప్పటిదాకా చెల్లుతుంది అని నాలుగూ ఉండాలి. పడక కబురుకు ఆయుష్షు రెండు గంటలు, సిలిండర్ నింపే చోటుకు ఆరు. గడువు దాటితే జాబితా నుంచి తీసేయాలి, 'చూడండి, ఉండొచ్చు' అని వదిలేయకూడదు. 'ధ్రువీకరించాం' అనే మాట ఒక్కటే రాయడం మానేశాం. ఎప్పుడు ధ్రువీకరించారో లేని ధ్రువీకరణ జనాన్ని ఎత్తని ఫోన్ల చుట్టూ తిప్పుతుంది. చిరునామా చెప్పకుండా మొత్తం సొమ్ము ముందే యూపీఐలో అడిగేవాళ్ల నంబర్ కార్డులోకి రాదు. మోసపోతే బ్యాంకుకు, సైబర్ నేరాల నంబర్‌కు వెంటనే చెప్పాలి. ఇప్పుడది 1930. మొదటి గంటల్లో చెబితే సొమ్ము ఆపే వీలుంటుంది.

మే మూడో వారంలో ఫోన్లన్నీ ఆనందయ్య నాటుమందు పంచే నెల్లూరు జిల్లా కృష్ణపట్నం వైపు తిరిగాయి. 21న జనం వేలల్లో చేరి పంపిణీ ఆగింది. 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంటిచుక్కలు మినహా అనుమతి ఇచ్చింది, డాక్టర్లు రాసిన మందులు మానొద్దని కూడా చెప్పింది. రెండో మాటకు చానెళ్లలో చోటు తక్కువ. ఫోన్ చేసినవాళ్లతో మందు మీద వాదనకు దిగొద్దని డెస్క్‌లో అందరికీ చెప్పాం. నమ్మకం మీద వాదిస్తే ఫోన్ పెట్టేస్తారు, రోగి మన చెయ్యి దాటిపోతాడు. ముందు అడగాల్సింది: ఇప్పుడు ఆక్సిజన్ ఎంత? 93 లేక తక్కువైతే ప్రయాణం కృష్ణపట్నానికైనా మదనపల్లెకైనా ప్రమాదమే, దగ్గరి ఆస్పత్రికే. 96 ఉంటే, రోగిని కదపకుండా ఉంచి, రాసిచ్చిన మందులు ఆపకుండా చూసుకోండి. ఇలా అంటే విన్నారు.

ట్రెండ్స్‌ను ఎంతవరకు నమ్మాలి

జనం ఏం వెతుకుతున్నారో గూగుల్ ట్రెండ్స్‌లో చూసి డెస్క్ నడపొచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. కొంతవరకే. అందులో కనబడే 0 నుంచి 100 వరకు అంకెలు వెతుకులాటల సంఖ్య కావు, ఎంచుకున్న చోట, ఎంచుకున్న కాలంలో ఉన్న శిఖరాన్ని వందగా పెట్టి మిగతావాటిని దానితో పోల్చినవి. కాలం మారిస్తే అదే రోజు అంకె మారుతుంది. నమూనా మీద లెక్క కాబట్టి తక్కువమంది వెతికే మాటకు సున్నా చూపిస్తుంది. కర్ణాటకలో తెలుగు లిపిలో వెతికే మాటలు చాలావరకు ఆ సున్నాలోనే పడతాయి. పైగా జనం జబ్బుపడి వెతుకుతున్నారా, టీవీ చూసి వెతుకుతున్నారా అన్నది గీత చూస్తే తెలియదు. గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ 2008లో మొదలై, 2012-13 సీజన్‌లో ఫ్లూను బాగా ఎక్కువ అంచనా వేసి, 2015లో మూతపడింది. 2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ గుండెపోటుతో పోయాక బెంగళూరు గుండె ఆస్పత్రుల ముందు జనం బారులు తీరారు. నగరంలో ఆ వారం గుండెజబ్బులు పెరగలేదు, వార్త పెరిగింది.

కాబట్టి ట్రెండ్స్‌ను మేం వాడేది ఒక్క పనికి: రేపు ఏ ప్రశ్న ఎక్కువగా వస్తుందో ఊహించి ఈ రాత్రే జవాబు రాసి పెట్టుకోవడానికి. దానికంటే నమ్మకమైనది డెస్క్‌కి వచ్చిన ఫోన్లలోని మొదటి వాక్యం. దాన్ని సరిదిద్దకుండా, వాళ్లన్న మాటల్లోనే రాసుకుంటాం. కార్డు శీర్షిక ఆ మాటల్లోంచే వస్తుంది. 'ఊపిరి ఎగబోస్తుంటే' అని పెట్టిన కార్డును 'శ్వాసకోశ ఇబ్బందులు' అని పెట్టినదానికంటే ఎక్కువమంది తెరుస్తారు, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లు.

ఇప్పుడు ఇదే అచ్చులో డెంగీ కార్డు నడుస్తోంది. 2024 సెప్టెంబరులో కర్ణాటక డెంగీని అంటువ్యాధుల చట్టం కింద నోటిఫై చేసింది. తెలుగు టీవీలో వినబడేది ప్లేట్‌లెట్ల అంకె, బొప్పాయి ఆకు రసం. కార్డులో మొదట ఉన్నవి వేరు: జ్వరం తగ్గిన రోజునే ఎక్కువ జాగ్రత్త, కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల రక్తం, మగత, ఆరుగంటలుగా మూత్రం రాకపోవడం. వీటిలో ఒకటున్నా ప్లేట్‌లెట్ రిపోర్టు కోసం ఎదురుచూడకుండా ఆస్పత్రికి. జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే, ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వద్దు. పై వరసలో తేదీ, బెంగళూరు అన్న మాట. ప్రతి సోమవారం ఎవరో ఒకరు అందులోని ప్రతి నంబర్‌కు ఫోన్ చేసి, ఎత్తకపోతే ఆ పూటే తీసేసి, తేదీ మార్చి మళ్లీ పంపుతారు.